గోడ నుంచి గోపురానికి: నడిగడ్డ దేవాలయ శిల్పం

కృష్ణా తుంగభద్రల మధ్య నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, ఆలంపురం అందులోవి. కృష్ణ దాటితే వనపర్తి సీమ. నది వెంట ఇంకా కిందికి పోతే నాగర్‌కర్నూలు వైపున జటప్రోలు, కొల్లాపురం, సోమశిల. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వేరుపడిన ఈ మూడు జిల్లాల్లో దాదాపు పదమూడు వందల ఏళ్ల దేవాలయ శిల్పం కనిపిస్తుంది. దాన్ని రాజవంశాల వరుసలో చెప్పుకోవడం అలవాటైపోయింది. బొమ్మ గుడిలో ఎక్కడుందో చూసుకుంటూ పోతే చరిత్ర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 7, 8 శతాబ్దాల్లో శిల్పానికి ముఖ్యమైన చోటు గుడి బయటి గోడ. తర్వాత అది వాకిలికి, స్తంభానికి జరిగింది. సంస్థానాల నాటికి గోపురం ఎక్కింది. 20వ శతాబ్దంలో కొన్ని బొమ్మలు మ్యూజియం చేరగా, కొన్ని గుళ్లు గోడలతో సహా రాయి రాయిగా విడిపోయి వేరే ఊళ్లలో మళ్లీ లేచాయి.

ఈ చరిత్ర బాదామి చాళుక్యులతో మొదలవుతుంది. వారి తొలి శిల్పం కొండలోనే ఉంది. బాదామి మూడో గుహాలయం 578లో పూర్తయింది. అక్కడి విష్ణు రూపాలు గుహ లోపలి గోడల మీద ఉన్నాయి. గుహకు బయటి గోడ అంటూ ఉండదు కాబట్టి శిల్పి పనంతా లోపలే. రాళ్లు పేర్చి గుడి కట్టడం మొదలయ్యాక అతనికి నాలుగు పక్కలా వెలుగు పడే గోడ దొరికింది. ఆ గోడను ఎలా వాడుకోవాలన్న ప్రశ్నకు చాళుక్య శిల్పులు ఐహోలు, మహాకూట, ఆలంపురం, పట్టదకల్లులలో ఒక్కోచోట ఒక్కో జవాబు చెప్పారు. ఆలంపురం జవాబు అన్నిటికన్నా క్రమబద్ధమైనది.

ఈ ప్రాంతం చాళుక్య రాజ్యంలో మూలన పడి ఉన్న సీమ కాదు. మొదటి విక్రమాదిత్యుని రాగి శాసనాలు గద్వాలలో దొరికాయి. 674 నాటి ఆ శాసనాలను, పల్లవులపై దండెత్తి వెళ్లిన రాజు కావేరి దక్షిణపు గట్టున ఉరగపురం విడిదిలో ఉండగా ఇచ్చాడు. కావేరి తీరాన చేసిన దానం తాలూకు రేకులు నడిగడ్డలో బయటపడ్డాయంటే ఇక్కడి మనుషులకు రాజుతో ఉన్న సంబంధం తెలుస్తుంది. తుంగభద్ర ఎడమ గట్టున, కృష్ణలో కలిసే చోటుకు కాస్త ఎగువన ఉన్న ఆలంపురం శ్రీశైలానికి పడమటి వాకిలిగా పేరు పొందింది. గుళ్లు కట్టడానికి నది, యాత్రామార్గం, రాజాదరణ మూడూ ఒకేచోట కలిశాయి.

ఆలంపురంలో తొమ్మిది గుళ్లున్నాయి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలు. వీటినే నవబ్రహ్మలు అంటారు. పేర్లు బ్రహ్మవి, గర్భగుడిలో ఉండేది శివలింగం. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం చెప్పే కథ ఈ పేర్లకు ఆధారం. తొమ్మిదీ ఒకేసారి కట్టినవి కావు. 7వ శతాబ్దం మధ్య నుంచి 8వ శతాబ్దం దాకా విడతలుగా లేచాయి. తారకబ్రహ్మ, అర్కబ్రహ్మ శిథిలమయ్యాయి. బాలబ్రహ్మలో నేటికీ నిత్యపూజ జరుగుతోంది. స్వర్గబ్రహ్మ గుడిని వినయాదిత్యుని కాలంలో (681-696) లోకాదిత్య ఎలఅరస రాణి గౌరవార్థం కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. ప్రాకారం కట్టిన సంగతి చెప్పే శాసనం ఆ తర్వాతి రాజు విజయాదిత్యుని కాలానిది.

బయటి నుంచి చూసేవారికి మొదట కనిపించేది శిఖరం. నిలువు రేఖలతో లోపలికి వంగుతూ పైకి పోయి, ఉసిరికాయ ఆకారపు ఆమలకంతో ముగిసే ఈ శిఖరం ఉత్తరాది నాగర శైలిది. ఇలాంటివి ఒడిశాలో ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి ఆలంపురం గుళ్లను చూసి ఒడిశా గుర్తుకు తెచ్చుకునేవారు చాలామంది. అయితే వీటి వయసు భువనేశ్వరంలోని పెద్ద గుళ్ల కన్నా ఎక్కువ. పట్టదకల్లులోని గళగనాథాలయం ఆలంపురం గుళ్లకు దగ్గరి బంధువు. శిఖరం, కొలత, గోడ విభజన అన్నీ పోలికగా ఉంటాయి.

శిఖరం నుంచి చూపు గోడకు దిగితే ఈ గుళ్ల అసలు పనితనం తెలుస్తుంది. కింద గుడి పీఠమైన అధిష్ఠానం. దాని మీద గోడను నిలువునా పంచి, కొంత భాగాన్ని ముందుకు తెచ్చి, మిగతాదాన్ని వెనక్కి ఉంచారు. ముందుకొచ్చిన ప్రతి భాగంలో ఒక గూడు. గూటికి రెండు పక్కలా సన్నని అరస్తంభాలు, నెత్తిన గవాక్షపు ఆకారాలు అల్లుకున్న కిరీటం. ఆ గూట్లో దేవుడు. గోడ తిరిగే మూలల్లో దిక్పాలకులు తమ తమ దిక్కుల్లో నిలబడి ఉంటారు. స్వర్గబ్రహ్మలో ఈ ఏర్పాటు చాలా పూర్తిగా కనిపిస్తుంది. ప్రదక్షిణగా నడిచే మనిషికి ఇంద్రుడు తూర్పున, యముడు దక్షిణాన, వరుణుడు పడమట ఎదురవుతారు. కాబట్టి బొమ్మలను చూడ్డం, గుడి చుట్టూ తిరగడం ఒకే పని. దిక్కు తెలియని భక్తుడు కూడా గోడ చెప్పినట్టు నడిస్తే చాలు.

ఇదే గోడ మీద దక్షిణామూర్తి, త్రివిక్రముడు, లింగోద్భవుడు, నటరాజు ఉన్నారు. శివాలయం గోడ మీద విష్ణు అవతారం ఉండటం ఆనాటికి వింత కాదు. శైవ, వైష్ణవ భేదాలు గోడల దాకా వచ్చి కొట్టుకునే రోజులు తర్వాతివి. శిఖరం ముందు భాగంలో, ముఖమండపం పైన పొడుచుకొచ్చిన శుకనాసలో పెద్ద గవాక్షం, అందులో నాట్యం చేసే శివుడు. వాకిలికి గంగా యమునలు, ద్వారపాలకులు. ఎగిరే విద్యాధర దంపతులు పైకప్పుకు దగ్గరగా ఉంటారు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఈ శిల్పాన్ని అలంకారం అని సరిపెట్టుకుంటే దాని పని తెలియదు. అరస్తంభం గోడ బరువును కంటికి చూపిస్తుంది. గూడు ఆ గోడలో లోతు పుట్టిస్తుంది. గోడలోని జాలక కిటికీ లోపలి చీకటి ప్రదక్షిణ మార్గానికి వెలుగు, గాలి ఇస్తుంది. ఈ గుళ్లలో చాలావాటికి గర్భగుడి చుట్టూ పైకప్పు ఉన్న ప్రదక్షిణ మార్గం ఉంది. బయటి గోడకు ఆ మార్గం అవతల మరో గోడ, గర్భగుడి గోడ. రెండు గోడల నడుమ నడిచే మనిషికి చీకటిలో దారి చూపేవి మూడు పక్కల జాలకాలే. రాతి పలకలో పువ్వుల, తీగల ఆకారాలు తొలిచి చేసిన ఈ కిటికీలు ఒక్కొక్కటి ఒక్కో నమూనాలో ఉంటాయి. ఆలంపురంలో ఏది బాగుందని అడిగితే విగ్రహాల కన్నా ముందు ఈ కిటికీలనే చెప్పాలి.

విశ్వబ్రహ్మ గుడి గోడ కథలు చెప్పింది. ఇక్కడ రామాయణ, భారత ఘట్టాలు, పంచతంత్ర కథలు చెక్కారు. స్తంభాల మీద పూర్ణఘటం, అందులోంచి పొంగి కిందికి జారే ఆకులు. గరుడబ్రహ్మ ప్లాను దాదాపు విశ్వబ్రహ్మదే అయినా గోడలు బోసిగా ఉంటాయి. పక్కపక్కనే ఉన్న ఈ రెండు గుళ్లను ఒకే పూటలో చూస్తే, శిల్పం తీసేసిన గోడ ఎలా ఉంటుందో, పెట్టిన గోడ ఎలా ఉంటుందో విడిగా పాఠం చెప్పక్కర్లేదు. పద్మబ్రహ్మలో శిఖరం పూర్తికాలేదు. నున్నగా మెరిసే లింగం దాని విశేషం.

ఈ చుట్టుపక్కల ఇటుకతోనూ పని జరిగింది. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలోని గొల్లత్తగుడి జైనాలయం ఇటుకలతో కట్టింది. ఎత్తు సుమారు 65 అడుగులు. రాతి గుడికి ఇటుక గుడికి ఒక తేడా ఉంది. ఇటుక మీద బొమ్మ కట్టిన తర్వాత తీర్చిదిద్దేది, పైన సున్నపు పూత ఉండేది, ఆ పూత రాలిపోతే బొమ్మ కూడా పోతుంది. చాళుక్య కాలపు శిల్పం అంటే రాయే అనుకోవడానికి ఇటుక గుళ్లు నిలవకపోవడం కూడా కారణం.

రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యుల కాలంలో, అంటే 9 నుంచి 11వ శతాబ్దం వరకు, శిల్పం గోడ వదిలి లోపలికి జరిగింది. ఆలంపురానికి నైరుతిలో సుమారు రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న పాపనాశి గుళ్లలో ఇది కనిపిస్తుంది. ఇరవైకి పైగా ఉన్న ఈ చిన్న గుళ్ల కప్పులు మెట్లు మెట్లుగా పైకి పోయే పిరమిడ్ ఆకారంలో ఉంటాయి. బయటి గోడలు దాదాపు బోసి. చెప్పుకోదగ్గ పనితనమంతా స్తంభాలలో, వాకిళ్లలో, పైకప్పులలో, లోపలి విగ్రహాలలో ఉంది. కారణం ఏమిటంటే ఈ గుళ్లు గుంపుగా, ఒకదానికొకటి దగ్గరగా, చిన్నవిగా కట్టినవి. ఒక పెద్ద గుడి చుట్టూ తిరిగే ప్రదక్షిణ ఇక్కడ లేదు. నాలుగు పక్కలా తిరిగి చూడని గోడకు శిల్పం పెట్టించే దాత కూడా తగ్గుతాడు.

కాకతీయుల కాలంలో నాగర్‌కర్నూలు వైపు నందివడ్డెమాన్ ముఖ్యమైన ఊరు. అప్పటి పేరు వర్ధమానపురం. గోన వంశీయులు అక్కడి నుంచి పాలించారు. రంగనాథ రామాయణ కర్తగా పేరున్న గోన బుద్ధారెడ్డి ఈ వంశంవాడే. ఇక్కడి గుళ్ల శిల్పం నునుపు స్తంభాలు, నందులు, తీర్చిన వాకిళ్లలో కనిపిస్తుంది. విస్తరించి చెప్పేంత గోడ పనితనం లేదు.

విజయనగర కాలంలో మార్పు ఇంకా పెద్దది. గర్భగుడి గోడను సాదాగా ఉంచి, శిల్పాన్నంతటినీ మండప స్తంభాల మీద పెట్టే పద్ధతి అప్పుడు స్థిరపడింది. స్తంభాన్ని చదరపు పలకలుగా పంచి, ప్రతి పలక మీద ఒక దేవుడు, ఒక నాట్యకత్తె, ఒక జంతువు, ఒక ముని. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. సురభి వంశీయుల ఆదరణలో లేచిన ఈ గుడిలో స్తంభాల మీద కృష్ణలీలలు, దశావతారాలు కనిపిస్తాయి. ఆ వంశపు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయం రాసిన కవి. ఆలంపురంలోని నరసింహాలయంలోనూ కృష్ణదేవరాయల కాలపు శాసనాలున్నాయి. గోడను చూస్తూ చుట్టూ తిరిగే భక్తుడు పోయి, మండపంలో కూర్చుని ఉత్సవం, హరికథ చూసే భక్తుడు వచ్చిన కాలమది. కూర్చున్నవాడి కంటికి ఎదురయ్యేది స్తంభమే.

తర్వాత సంస్థానాలు వచ్చాయి. గద్వాల కోటను పెద సోమభూపాలుడు, జనం నోట సోమనాద్రి, 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట కట్టించాడు. కోటలోనే చెన్నకేశవస్వామి గుడి. వనపర్తి సంస్థానాధీశులు శ్రీరంగాపురంలో రంగసముద్రం చెరువు గట్టున రంగనాయకస్వామి గుడి కట్టించారు. శ్రీరంగంలోని రంగనాథుడు దానికి ఆదర్శం. ఈ గుళ్లలో బొమ్మ గోపురం మీద ఉంది. ఇటుకలతో అంతస్తులు లేపి, గచ్చుతో బొమ్మలు తీర్చి, రంగులు వేసేవారు. రాతి బొమ్మ ఒకసారి చెక్కితే శిల్పి పని అయిపోతుంది. గచ్చు బొమ్మకు ప్రతి తరంలోనూ మరమ్మతు, సున్నం, రంగు కావాలి. అందుకే సంస్థానాల గోపురాలు అప్పటివే అయినా వాటి మీద ఇప్పుడు కనిపించే ముఖాలు, రంగులు తర్వాతి మరమ్మతుల్లో వచ్చినవి కావచ్చు. చూసే దూరం కూడా మారింది. ఆలంపురం గోడ మీది దేవుడిని చేయి చాపి అందుకోవచ్చు. గోపురం మీది దేవుడు కోట దాటి పోయే బండివాడికి దూరం నుంచే కనిపించాలి. అందుకని ముఖాలు పెద్దవి, కళ్లు పెద్దవి, రంగులు గట్టివి.

గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయింది. గుళ్లు మాత్రం గుళ్లుగానే మిగిలాయి. సంస్థానాల ఆదరణలో పెరిగిన నేతలోనూ గోడ ఆకారాలు చేరాయి. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ పోగుపోగుగా కలిపి నేసేదాన్ని కుప్పడం అంటారు. అంచు మీద వరుసగా లేచే మొనల నమూనా కోటకొమ్మ.

14వ శతాబ్దంలో ఆలంపురంలోని జోగులాంబ గుడి ధ్వంసమైందని చెబుతారు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటిగా లెక్కించే ఈ అమ్మవారి విగ్రహం తర్వాత శతాబ్దాల పాటు బాలబ్రహ్మ ఆలయంలో పూజలందుకుంది. కొత్త గుడి 2005లో లేచింది. దాన్ని నవబ్రహ్మల తీరుకు దగ్గరగానే కట్టారు. ఈ ఊళ్లో ఏ స్థపతి వచ్చినా ఎదురుగా ఉన్న గోడలను చూడక తప్పదు.

ఈ గోడలు 20వ శతాబ్దానికి కూలే స్థితికి చేరాయి. ఆలంపురం చరిత్రను వెలికితీసి, శాసనాలు చదివి, గుళ్ల కోసం పట్టుబట్టినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు గడియారం రామకృష్ణశర్మ (1919-2006). ఆలంపురంవాడైన ఆయన సుజాత పత్రిక నడిపారు. ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు 1953లో ఆ ఊళ్లో జరగడం వెనుక ఆయన చొరవ ఉంది. ఆత్మకథ శతపత్రానికి మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఊరి గుడి గోడ గురించి ఊరివాడే పట్టించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆలంపురంలో మ్యూజియం 1952లో మొదలైంది. గుళ్ల నుంచి విడిపోయిన శిల్పాలు, పొలాల్లో దొరికినవి అక్కడ చేరాయి. అందులో ప్రపంచానికి తెలిసింది లజ్జాగౌరి. తల ఉండాల్సిన చోట పద్మం, కాళ్లు ముడిచిన దేహం. సంతానం కోరే స్త్రీలు మొక్కుకున్న ఈ రూపం గురించి కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో ఒక వ్యాసం రాసిన తర్వాత భారతీయ శిల్ప చర్చల్లో ఆలంపురం పేరు తరచూ వినిపించింది. మ్యూజియం గదిలో విగ్రహాన్ని దగ్గరగా, మంచి వెలుగులో చూడవచ్చు. గోడలో ఉన్నప్పుడు దానికి ఎడమ పక్కన ఎవరు, పైన ఏముంది అన్నది అక్కడ పోతుంది. నవబ్రహ్మల గోడల్లో కొన్ని గూళ్లు ఇప్పుడు ఖాళీ. అందుకే ఆలంపురానికి వచ్చినవారు గుళ్లూ మ్యూజియమూ రెండూ చూడాలి. ఒకదానిలో చట్రం, ఒకదానిలో బొమ్మ.

అసలు ముప్పు నీటి వైపు నుంచి వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ 1963 జూలైలో శంకుస్థాపన చేశారు. 885 అడుగుల పూర్తి నీటిమట్టం దాకా జలాశయం నిండితే కృష్ణ, తుంగభద్రల వెంట చాలా ఊళ్లు, గుళ్లు మునుగుతాయి. నవబ్రహ్మలను ఉన్నచోటే నిలిపి, తుంగభద్ర వైపు పెద్ద రక్షణ గోడ కట్టారు. మిగతా గుళ్లను తరలించారు. రెండు నదులు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం ఆలంపురానికి వచ్చింది. పాపనాశి గుళ్లను ఎత్తైన నేల మీదికి మార్చారు. సోమశిలలోని లలితా సోమేశ్వరాలయం, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా కొత్త చోట్లకు చేరాయి. మునిగిపోయిన ఈర్లదిన్నె నుంచి రాజరాజేశ్వరి ఆలయం మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పక్కకు వచ్చింది.

తరలింపు పని ఇలా సాగుతుంది. మొదట గుడిని అన్ని వైపుల నుంచి ఫొటో తీసి, కొలతలు తీసి, ప్రతి గోడకు బొమ్మ గీస్తారు. ఆ తర్వాత ప్రతి రాయి మీద రంగుతో వరుస, దిక్కు, సంఖ్య వేస్తారు. శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి విప్పుతారు. కొత్త చోట పునాది వేసి కింది నుంచి పైకి పేరుస్తారు. చాళుక్య గుళ్లను అంటుసున్నం లేకుండా రాతి మీద రాయి కూర్చి కట్టడం ఇక్కడ కలిసొచ్చింది; పలకలు విరగకుండా విడదీయవచ్చు. చెక్కడం ఉన్న రాళ్లకే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఒక కొన విరిగినా ఒక చేయో, ఒక ముక్కో పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖకు ఆ రోజుల్లో వి.వి. కృష్ణశాస్త్రి సంచాలకులు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కారణంగా అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య తరలించడం అప్పటికే ప్రపంచానికి తెలుసు. ఉమ్మడి రాష్ట్రానికి నాగార్జునకొండ కట్టడాలను తరలించిన అనుభవం కూడా ఉంది.

అదే సమయంలో మెక్సికో నగరంలో తిరగబడిన కథ నడిచింది. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ పనివారు రోడ్డు తవ్వుతుండగా అజ్టెక్ దేవత కోయోల్‌షౌకి చెక్కిన పెద్ద గుండ్రటి రాయి బయటపడింది. స్పానిష్‌వారు కూల్చిన టెంప్లో మేయర్ అనే ప్రధాన ఆలయం ఆనవాళ్లు దాని వెనకే తేలాయి. అక్కడ ఊరి కింద దాగిన గుడిని పైకి తీస్తుంటే, ఇక్కడ నది మింగబోయే గుడిని పైకి ఎత్తారు. రెండు చోట్లా రాతి బొమ్మను కాపాడింది దాని బరువు, ఎవరూ ఎత్తుకుపోలేరు.

తరలిన గుళ్లకు ఒక నష్టం తప్పలేదు. కూడవెల్లి సంగమేశ్వరుడు నదీ సంగమం కోసం కట్టిన దేవుడు. ఆలంపురంలో ఆయన పక్కన సంగమం లేదు. గోడల మీది గంగా యమునల బొమ్మలు ఏ నదులకు గుర్తుగా పెట్టారో ఆ కలయిక కిలోమీటర్ల దూరంలో, నీటి కింద ఉంది. సోమశిలలో మాత్రం కొత్త గుళ్లు కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. జలాశయపు నీరు ఇప్పుడు వాటి ముందుంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు రక్షణ గోడ ఉన్నా ఆలంపురం మునిగింది. నవబ్రహ్మలు నిలిచాయి.

ప్రస్తుతం నవబ్రహ్మ గుళ్లు భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్నాయి. పట్టదకల్లుకు 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అదే కుటుంబానికి చెందిన ఆలంపురానికి ఆ స్థాయి ప్రచారం లేదు. హైదరాబాదు-కర్నూలు జాతీయ రహదారి మీద వెళ్లే యాత్రికులు ఎక్కువగా జోగులాంబ దర్శనం కోసం అలంపూర్ చౌరస్తా దగ్గర మలుపు తిరుగుతారు. బాలబ్రహ్మలోకి పోయి వచ్చేవారిలో కొద్దిమందే మిగతా గుళ్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మూలల్లో నిలబడ్డ దిక్పాలకులను పేరు పేరునా గుర్తుపడతారు.